మా ఇంటి సర్వరు, మావాడి గేము, మాస్టారి హాజరు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేసి, "ఏదైనా సాంకేతిక విషయం మీద పావుగంట మాట్లాడండి, కానీ అందరికీ అర్థమవ్వాలి" అన్నారు. ఆ రెండూ ఒకచోట కుదరడం కష్టమే. పైగా నేను సాఫ్ట్‌వేరు మనిషిని కాను. ముప్ఫై ఏళ్లు ట్రాన్స్‌ఫార్మర్ల మధ్య, బ్రేకర్ల మధ్య గడిపిన కరెంటు ఇంజనీరుని. అందుకని పెద్ద విషయాల జోలికి పోకుండా, మా ఇంట్లో నేను చేసిన పని ఒకటి, అందులో నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. ఆ తప్పు వల్ల నష్టపోయింది నేనొక్కణ్ణే కాదు, 1986 పదో తరగతి బ్యాచి మొత్తం. వాళ్లలో చాలామంది ఇప్పుడు ఈ హాల్లోనే ఉన్నారు. కొందరికి ఈ సంగతి తెలుసు, కొందరికి ఇవాళే తెలుస్తుంది.

ముందు పని గురించి చెబుతాను.

2019లో మా ఇంట్లో నాలుగు ఫోన్లు, రెండు లాప్‌టాప్‌లు ఉండేవి. ఫొటోలన్నీ వాటిలో చెల్లాచెదురుగా ఉండేవి. మా ఆవిడ ఫోన్ "చోటు లేదు" అన్నప్పుడల్లా నేను పెన్‌డ్రైవు పట్టుకుని పరిగెత్తేవాణ్ణి. ఏ పెన్‌డ్రైవులో ఏముందో ఎవరికీ తెలిసేది కాదు. అప్పుడు అనిపించింది, ఇంటి మొత్తానికి ఒక బీరువా ఉంటే బాగుంటుందని. మన బడి లైబ్రరీలో గాజు తలుపుల బీరువా ఒకటి ఉండేది, గుర్తుందా? పుస్తకం ఎవరికి కావాలన్నా అక్కడికే వెళ్లాలి, చదివాక అక్కడే పెట్టాలి. సర్వరు అంటే అంతకంటే పెద్ద రహస్యం ఏమీ లేదు. అడిగినవాడికి అడిగింది ఇవ్వడానికి రాత్రీ పగలూ మెలకువగా ఉండే కంప్యూటరు, అంతే. దానికి ప్రత్యేకమైన యంత్రం అక్కర్లేదు. ఏ పాత కంప్యూటరైనా ఆ పని చేస్తుంది.

సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లి, ఏదో ఆఫీసు తీసేసిన చిన్న డెస్క్‌టాప్ ఒకటి కొన్నాను. 8 జీబీ మెమరీ ఉంది. రెండు కొత్త హార్డ్‌డిస్కులు, ఒక్కోటి 2 టీబీ, దానికి బిగించాను. కరెంటు వాణ్ణి కాబట్టి మొదట చేసిన పని ప్లగ్గు దగ్గర వాట్ మీటరు పెట్టి చూడడం. ఖాళీగా ఉన్నప్పుడు సుమారు 30 వాట్లు తీసుకుంటోంది. 30ని 24తో గుణించి, నెల రోజులకు లెక్కేస్తే 22 యూనిట్ల లోపే. మా ఆవిడ దగ్గర ఈ లెక్కతోనే అనుమతి తీసుకున్నాను. మీ ఇంట్లో పాత లాప్‌టాప్ ఉంటే ఇంకా మంచిది. కరెంటు తక్కువ తింటుంది, బ్యాటరీ ఉంటుంది కాబట్టి కరెంటు పోయినా వెంటనే ఆగిపోదు. కాకపోతే ఆ బ్యాటరీ ఉబ్బుతోందేమో అప్పుడప్పుడు చూసుకుంటూ ఉండాలి. డెస్క్‌టాప్ అయితే చిన్న యూపీఎస్ తప్పదు. డిస్కు మీద రాస్తున్నప్పుడు కరెంటు పోతే ఆ రాత మధ్యలో తెగిపోతుంది.

దాని మీద డెబియన్ అనే లినక్స్ వేశాను. అది ఉచితం. ఫైళ్లు పంచుకోవడానికి సాంబా అనే సాఫ్ట్‌వేరు పెట్టాను. అదీ ఉచితమే. దీన్ని 1991 చివర్లో ఆస్ట్రేలియాలోని కాన్‌బెరాలో ఆండ్రూ ట్రిజెల్ అనే పరిశోధక విద్యార్థి మొదలుపెట్టాడు. విండోస్ కంప్యూటర్లు ఫైళ్లు పంచుకునే పద్ధతికి ఎస్.ఎమ్.బి. అని పేరు. ఆ మూడక్షరాలూ అదే వరసలో వచ్చే మాటలేమున్నాయో నిఘంటువు ఫైలులో వెతికిస్తే దొరికినవాటిలో సాంబా ఒకటి. అది బ్రెజిల్ నృత్యం పేరే తప్ప మన వంటింటి సాంబారుతో సంబంధం లేదు. మా ఆవిడ మాత్రం ఇప్పటికీ "సాంబారు పెట్టె" అనే అంటుంది. ట్రిజెల్ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాడు.

పెట్టడం ఒక ఆదివారం పని. రౌటరులో ఆ కంప్యూటరుకి ఎప్పుడూ మారని నంబరు ఒకటి కేటాయించాలి. మా ఇంట్లో అది 192.168.1.10. ఇలా చేయకపోతే రౌటరు ఆపి వేసినప్పుడు నంబరు మారిపోవచ్చు, ఇంట్లోవాళ్లు "నీ పెట్టె కనిపించట్లేదు" అంటారు. సర్వరుని రౌటరుకి వైరుతో కలపాలి, వైఫైతో కాదు. మామూలు గిగాబిట్ వైరు మీద సెకనుకు 110 ఎంబీ దాకా వెళుతుంది. అంటే 10 జీబీ వీడియో ఒకటిన్నర నిమిషంలో ఒక గది నుంచి ఇంకో గదికి చేరుతుంది. అదే వీడియో 100 ఎంబీపీఎస్ ఇంటర్నెట్ మీద బయటకు పంపాలంటే పదమూడు నిమిషాలకు పైగా పడుతుంది. అక్కడ మెగాబిట్లు, ఇక్కడ మెగాబైట్లు. ఎనిమిదితో భాగించడం మరిచిపోయి కంపెనీవాళ్లతో పోట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారు. ఒకప్పుడు నేనూ పోట్లాడాను.

రెండు డిస్కులనీ మిర్రర్ పద్ధతిలో కలిపాను. అంటే ఒకదాని మీద ఏం రాస్తే అది రెండోదాని మీద కూడా అదే క్షణంలో రాసుకుంటుంది. ఒక డిస్కు కాలిపోయినా రెండోదానితో పని నడుస్తుంది. సబ్‌స్టేషన్లో రెండు ఫీడర్లు ఉన్నట్టు. నాకు ఆ ఏర్పాటు తెగ నచ్చింది. ఇక నా సామాను పోదు అనుకున్నాను. ఆ మాట కూడా గుర్తుపెట్టుకోండి.

ఇక మావాడి గేము.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. మావాడు అప్పుడు తొమ్మిదో తరగతికి వస్తున్నాడు. విశాఖలో మా తమ్ముడి కూతురు, టెక్సస్‌లో మా చెల్లెలి పిల్లలిద్దరు. ఏటా వేసవిలో కలిసే పిల్లలు ఆ ఏడు కలవలేదు. మావాడు వచ్చి, "నాన్నా, నీ సర్వరు మీద మైన్‌క్రాఫ్ట్ పెట్టుకోవచ్చా?" అని అడిగాడు. గేమంటే నాకు పడదు. కానీ ఇంట్లో బందీ అయిపోయిన పిల్లవాడికి కాదని చెప్పలేకపోయాను.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. మైన్‌క్రాఫ్ట్‌లో లోకమంతా చదరపు దిమ్మలే. మట్టి, రాయి, చెక్క దిమ్మలు తవ్వుకుని, పేర్చుకుని ఏది కావాలంటే అది కట్టుకోవచ్చు. ఆడేవాళ్లు తలా ఒక ఊళ్లో ఉన్నా, ఆ లోకం మాత్రం ఒకచోట ఉండాలి. ఆ చోటే సర్వరు. సర్వరు సాఫ్ట్‌వేరు గేము తయారుచేసినవాళ్లే ఉచితంగా ఇస్తారు. ఆడేవాళ్లు మాత్రం గేము కొనుక్కోవాలి. లోపల పని ఎలా జరుగుతుందో చూస్తే నాకే ముచ్చటేసింది. సర్వరు సెకనుకు 20 సార్లు ఆ లోకం మొత్తాన్ని లెక్కగట్టుకుంటుంది. నీళ్లు ఎటు పారాయి, ఆవు ఎటు నడిచింది, ఎవడు ఏ దిమ్మ తీశాడు అన్నీ 50 మిల్లీసెకన్లలో తేల్చేసి అందరికీ చెప్పాలి. ఆ గడువులో తేల్చలేకపోతే ఆట నత్తనడక నడుస్తుంది. మా పాత యంత్రానికి మొదట్లో అదే జరిగింది. ఒక్కొక్కరికి కనిపించే దూరాన్ని మామూలుగా ఉండే 10 నుంచి 6కి తగ్గించి, ఆటకు 3 జీబీ మెమరీ కేటాయిస్తే నలుగురైదుగురు పిల్లలకు హాయిగా సరిపోయింది.

ఇంట్లో బాగానే ఉంది. బయటి పిల్లలు లోపలికి ఎలా వస్తారు? అసలు చిక్కు ఇక్కడే. పుస్తకాలన్నీ "రౌటరులో 25565 అనే పోర్టు తెరవండి" అంటాయి. తెరిచాను. విశాఖ నుంచి పిల్ల "రావట్లేదు పెదనాన్నా" అంది. రెండు రాత్రులు కొట్టుకున్నాక తెలిసింది, మన దగ్గర చాలా ఇంటి కనెక్షన్లకు సొంత చిరునామా ఉండదని. పాతకాలపు ఇంటర్నెట్ చిరునామాలు మొత్తం 430 కోట్లే. అవి అయిపోవడంతో కంపెనీలు వందల ఇళ్లకు కలిపి ఒకే చిరునామా ఇస్తున్నాయి. పెద్ద అపార్ట్‌మెంటుకి ఒకే తపాలా పెట్టె ఉండి, ఫ్లాటు నంబరు వాచ్‌మన్‌కి మాత్రమే తెలిసినట్టు. మనం బయటకు ఉత్తరం వేస్తే జవాబు వస్తుంది కానీ, బయటివాడు కొత్తగా మనకు ఉత్తరం వేయలేడు.

దీనికి మందు వీపీఎన్. మా అందరి కంప్యూటర్లలో టెయిల్‌స్కేల్ అనేది వేసుకున్నాం. లోపల అది వాడే పద్ధతి పేరు వైర్‌గార్డ్. ప్రతి కంప్యూటరూ తనంతట తానే బయటకు వచ్చి పలకరిస్తుంది, అది వాటిని ఒకదానికొకటి కలుపుతుంది. తలుపు ఎవరికీ తెరవక్కర్లేదు. ఇంకో లాభం, దారినపోయేవాళ్లకు మన సర్వరు కనిపించనే కనిపించదు. పిల్లల పేర్లతో ఒక అనుమతి జాబితా కూడా పెట్టాం, అందులో లేనివాడు ఆటలోకి రాలేడు.

ఇక్కడ ఒక హెచ్చరిక. గేము పోర్టు తెరిచినా కొంత నయం కానీ, ఫైళ్లు పంచుకునే 445 పోర్టుని మాత్రం ఇంటర్నెట్ వైపు ఎన్నడూ తెరవకండి. 2017 మే నెలలో వాన్నాక్రై అనే వైరసు ప్రపంచాన్ని కుదిపేసింది చూశారా, అది విండోస్ కంప్యూటర్లలో దూరింది ఆ దారినే. బయటినుంచి ఫైళ్లు కావాలంటే వీపీఎన్ గుండా రండి.

పొద్దున్న ఏడున్నరకి ఇక్కడ మావాడు, విశాఖలో పిల్ల కూర్చునేవాళ్లు. టెక్సస్‌లో అప్పుడు ముందురోజు రాత్రి తొమ్మిది. మాట వెళ్లి రావడానికి పావు సెకను పట్టేది. అయినా ఆడేవాళ్లు. ఒకరోజు వెనక నుంచి తొంగి చూస్తే నా గుండె ఒక్క క్షణం ఆగింది. తెర మీద మా ఇల్లుంది. ఈ ఊళ్లో రైలు గేటు దగ్గర మాకుండిన పెంకుటిల్లు. అమ్మ పోయాక 2018లో అమ్మేశాం. నలుగురూ కలిసి దాన్ని దిమ్మలతో కట్టారు. మావాడు "నానమ్మ ఇల్లు" అంటాడు, టెక్సస్ పిల్లలు "అమ్మమ్మ ఇల్లు" అంటారు, ఇద్దరిదీ ఒకే ఇల్లు. వీధరుగు, పెరట్లో బావి, పశువుల కొట్టం అన్నీ ఉన్నాయి. బావి ఉండాల్సిన చోటు కంటే ఎడమకు ఉంది. నేను చెప్పాను, జరిపారు. ఆ రోజు నుంచి నేనూ గేముల్ని తిట్టడం మానేశాను.

తర్వాత వారానికి టెక్సస్ చిన్నవాడు సరదాగా వంటింట్లో టీఎన్‌టీ పెట్టి పేల్చాడు. ఇల్లు సగం ఎగిరిపోయింది. ఏడుపులు, అలకలు. మళ్లీ కట్టడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజుల్లో మావాడు నన్నడక్కుండానే ఒక పని చేశాడు. రోజూ తెల్లవారుజామున మూడింటికి ఆట లోకం మొత్తాన్ని వేరే డిస్కులోకి కాపీ చేసేలా ఒక చిన్న స్క్రిప్టు రాశాడు. కాపీ తీసేముందు సర్వరుతో "రాసిందంతా పూర్తిచేయి, కాసేపు కొత్తగా రాయకు" అని చెబుతుంది, అయ్యాక "ఇక కానీయ్" అంటుంది. పిల్లవాడు లెక్క చేస్తుండగా నోటుబుక్కు లాక్కుని జిరాక్సు తీస్తే సగం లెక్కే వస్తుంది కదా, అందుకని. ఏడు రోజుల కాపీలు ఏడూ విడివిడిగా ఉంటాయి. ఆదివారం కాపీ ఒకటి విశాఖలో అక్క కంప్యూటరుకి కూడా పోతుంది. చూసి నవ్వుకున్నాను. గేముకి ఇంత హంగామా ఎందుకురా అన్నాను. పాతికేళ్ల అనుభవం ఉన్న ఇంజనీరు అన్న మాట అది.

ఇప్పుడు నా తప్పు.

2011లో మా బ్యాచి ఇరవై అయిదేళ్ల కలయిక ఈ హాల్లోనే జరిగింది. మన లెక్కల మాస్టారు వచ్చారు. ఆయన ప్రసంగం చేయలేదు. జేబులోంచి ఒక కాగితం తీసి, "హాజరు" అన్నారు. నలభై రెండు మంది పేర్లు, ఇంటిపేర్లతో సహా, క్లాసులో పిలిచినట్టే పిలిచారు. బట్టతలలు వచ్చినవాళ్లు, అమ్మమ్మలు కాబోతున్నవాళ్లు లేచి నిలబడి "ప్రెజెంట్ సార్" అన్నారు. అప్పటికే మాలో ఇద్దరు లేరు. వాళ్ల పేర్లు కూడా పిలిచారు. ఎవరూ పలకలేదు. ఆయన రెండు క్షణాలు ఆగి, కాగితం మీద గుర్తు పెట్టుకుని, తర్వాతి పేరుకి వెళ్లారు.

అదంతా వీడియో తీశారు. మూడు గంటల టేపులు, గంటకు 13 జీబీ చొప్పున 39 జీబీ. కంప్యూటరులోకి ఎక్కించాక టేపులు వీడియో తీసినతను ఇంకో పెళ్లికి వాడేసుకున్నాడు. ఫైళ్లు నా దగ్గర పెట్టారు. "నువ్వు ఇంజనీరువి, జాగ్రత్తగా ఉంచుతావు" అన్నారు. నేనూ అలాగే అన్నాను.

2022 ఏప్రిల్‌లో సర్వరు నిండిపోయింది. ఒక ఆదివారం సర్దడం మొదలుపెట్టాను. "బ్యాచ్ 2011" అని ఒక ఫోల్డరు, "బ్యాచ్ 2011 కొత్తది" అని ఇంకోటి కనిపించాయి. రెండూ ఒకటే అనుకున్నాను. తెరిచి చూడలేదు. మొదటిది డిలీట్ చేశాను.

రెండోదాంట్లో ఉన్నవి ఫొటోలు మాత్రమే.

మిర్రర్ ఉంది కదా అంటారా? మిర్రర్ అంటే అద్దం. మీరు నుదుటి బొట్టు చెరుపుకుంటే అద్దంలోనూ చెరిగిపోతుంది, "పొరపాటున చెరిపావు, నేను దాచి ఉంచాను" అనదు. ఆ ఏర్పాటు డిస్కు పాడైతే కాపాడుతుంది. మనిషి పొరపాటు నుంచి కాపాడదు. రీసైకిల్ బిన్ ఉంది కదా అంటారా? నెట్‌వర్కులో ఉన్న ఫోల్డరు నుంచి డిలీట్ చేసింది విండోస్ రీసైకిల్ బిన్‌లోకి పోదు, నేరుగా పోతుంది. సాంబాలో అలాంటి చెత్తబుట్ట పెట్టుకునే వీలుంది, కానీ దాన్ని మనమే కలుపుకోవాలి. నేను కలుపుకోలేదు.

మూడు నెలల వరకు నాకు తెలియనే తెలియలేదు. జులైలో మాస్టారు పోయారు. సంతాప సభలో ఆయన గొంతు వినిపిద్దామని మిత్రుడు ఫోన్ చేశాడు. "ఆ హాజరు వీడియో పంపు" అన్నాడు. వెతికాను. ఆ రాత్రి తెల్లవార్లూ వెతికాను. పోయిన ఫైళ్లు తిరిగి తెచ్చే సాఫ్ట్‌వేర్లన్నీ నడిపాను. మూడు నెలలుగా ఆ డిస్కు మీద కొత్త ఫైళ్లు రాసుకుంటూనే ఉన్నాయి. ఏమీ దొరకలేదు.

తెల్లారి మావాడు కాఫీ తెచ్చి పక్కన కూర్చున్నాడు. విషయం చెప్పాను. "మరి బ్యాకప్ ఎక్కడుంది నాన్నా?" అన్నాడు. లేదన్నాను. వాడేమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ బాధించింది. అదే పెట్టెలో, అదే గదిలో, వాడి గేముకి ఏడు రోజుల కాపీలున్నాయి, వేరే ఊళ్లో ఇంకో కాపీ ఉంది. మాస్టారి గొంతుకి లేదు.

ట్రిజెల్ పేరు గుర్తుపెట్టుకోమన్నాను కదా. సాంబా రాసిన ఆ మనిషే 1996లో పాల్ మెకెరస్ అనే ఆయనతో కలిసి ఆర్‌సింక్ అనే ఇంకో పనిముట్టు తెచ్చాడు. మొదటిసారి అంతా కాపీ చేస్తుంది, తర్వాత ప్రతిసారీ మారినవాటినే పంపుతుంది. మావాడి స్క్రిప్టులో పనిచేసేది అదే. పంచుకోవడానికీ, కాపీ తీసుకోవడానికీ రెండింటికీ పనిముట్టు ఇచ్చింది ఒకే మనిషి. నేను మొదటిది మాత్రం తీసుకుని, రెండోదాన్ని పట్టించుకోలేదు.

బ్యాచి గ్రూపులో జరిగింది జరిగినట్టు రాశాను. ఎవరూ తిట్టలేదు. పదకొండు రోజుల తర్వాత మస్కట్‌లో ఉన్న మిత్రుడు ఒక డీవీడీ దొరికిందన్నాడు. 2011లో ఎవరో ఆ వీడియోని కుదించి రాసి పంచిన డీవీడీల్లో ఒకటి. వస్తున్నవాళ్ల చేతికిచ్చి పంపాడు. రాయగలిగే డీవీడీల్లో రంగు పొర ఒకటి ఉంటుంది, ఏళ్లు గడిస్తే, వేడి తగిలితే అది పాడవుతుంది. పైగా డీవీడీ మీద రాత లోపలి అంచున మొదలై బయటి అంచుకి పోతుంది. వేలిముద్రలు, గీతలు, ఎండ తగిలేవి ఎక్కువగా బయటి అంచుకే. కాబట్టి ముందు పోయేది చివరి భాగం. డీడీరెస్క్యూ అనే సాఫ్ట్‌వేరుతో రెండు రోజులు చదివించాం. చదవలేని చోటు వదిలి ముందుకు పోయి, మళ్లీ వెనక్కి వచ్చి ప్రయత్నిస్తుంది అది. హాజరు చివర్లో ఉండేది కదా. ముప్ఫై ఒకటో నంబరు వరకు వచ్చింది. ఆ తర్వాత తెర ఆగిపోతుంది.

నా నంబరు ముప్ఫై మూడు. అది సరే, తప్పు చేసినవాడికి ఆ శిక్ష న్యాయమే. కానీ పోయిన ఇద్దరు మిత్రుల్లో ఒకడిది పన్నెండు, రెండోవాడిది ముప్ఫై ఎనిమిది. ఆ రెండోవాడి తల్లి గారు తర్వాత ఫోన్ చేసి, "బాబూ, మావాడి పేరు మాస్టారు పిలిచిన ముక్క ఏమైనా ఉందా?" అని అడిగారు. లేదమ్మా అని చెప్పాను. ఎందుకు లేదో కూడా చెప్పాను.

ఈ ప్రసంగం ఒప్పుకోవడానికి కారణం ఆ ఫోనే.

ఇప్పుడు మా ఇంట్లో ఏం మారిందో చెబుతాను. పీటర్ క్రో అనే అమెరికా ఫొటోగ్రాఫరు ప్రచారంలోకి తెచ్చిన సూత్రం ఒకటుంది, మూడు-రెండు-ఒకటి అంటారు. ఏదైనా మూడు కాపీలుండాలి, రెండు రకాల వస్తువుల మీద ఉండాలి, కనీసం ఒకటి వేరే చోట ఉండాలి. మా సర్వరులో ఒక కాపీ. నెలకోసారి కలిపి, కాపీ తీసి, విప్పి బీరువాలో పెట్టే డిస్కులో రెండోది. విప్పి పెట్టడం ముఖ్యం. కలిపే ఉంటే పిడుగుకి, వైరసుకి, నా చేతికి మూడింటికీ దొరుకుతుంది. మూడోది విశాఖలో మిత్రుడి ఇంట్లో ఉన్న చిన్న యంత్రానికి రాత్రిపూట ఆర్‌సింక్‌తో పోతుంది. వాళ్ల బ్యాచి సామాను మా ఇంటికి వస్తుంది. ఈ కాపీల్లో పాత తేదీలవి కూడా నిలుస్తాయి, కాబట్టి ఇవాళ చెరిపింది రేపు కాపీలోంచి కూడా చెరిగిపోదు. నెలలో మొదటి ఆదివారం కాపీలోంచి ఏదో ఒక ఫైలు తెరిచి చూస్తాం. తెరిచి చూడని కాపీని నమ్మకూడదు. మా పనిలో కూడా, స్టాండ్‌బై జనరేటరుని నెలకోసారి నడిపి చూడకపోతే అవసరమైన రోజు అది లేవదు.

"ఇదంతా ఎందుకు, క్లౌడ్ ఉంది కదా" అనేవాళ్లు ఉంటారు. తప్పకుండా వాడండి, ఆ మూడు కాపీల్లో ఒకటిగా వాడండి. కానీ గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. రెండేళ్లు తెరవని ఖాతాల్ని వాళ్లు తీసేయవచ్చు. అన్నిటికంటే ముఖ్యం, ఖాతా ఒక మనిషి పేరున ఉంటుంది. ఆ మనిషి పోతే పాస్‌వర్డు ఆయనతోనే పోతుంది. వాట్సాప్ గ్రూపులో ఉంది కదా అనుకోకండి. అక్కడ మామూలుగా పంపిన ఫొటో కుదించుకుపోయి వస్తుంది, ఫోన్ మారితే అదీ ఉండకపోవచ్చు.

సర్వరుకీ అదే జబ్బు ఉంది. మా ఇంట్లో అది ఎలా నడుస్తుందో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే అయితే నేను పోయిన రోజున అది ఉత్త రేకు పెట్టె. అందుకని రెండు పేజీల కాగితం రాశాను. ఏ పెట్టెలో ఏముంది, పాస్‌వర్డులేమిటి, ఎవరికి ఫోన్ చేయాలి. తెలుగులో, చేత్తో రాశాను. ఒకటి మా ఆవిడ దగ్గర, ఒకటి విశాఖ మిత్రుడి దగ్గర కవర్లో ఉన్నాయి. ఇంజనీరింగు చదువుతున్న మావాడు అది చదివి రెండు తప్పులు దిద్దాడు.

మన సంఘానికి యాభై ఏళ్ల సామాను ఉంది. గ్రూపు ఫొటోలు, వార్షికోత్సవాల క్యాసెట్లు, పాత సంచికలు, గురువుల ఉత్తరాలు. అవి ఎవరో ఒకరి ట్రంకు పెట్టెలో, ఎవరో ఒకరి కంప్యూటరులో ఉన్నాయి. కార్యదర్శి గారికి నా విన్నపం ఇది. ప్రతి బ్యాచి నుంచి ఇద్దరు, వేర్వేరు ఊళ్లవాళ్లు, తమ బ్యాచి సామానుకి బాధ్యత తీసుకోవాలి. మొత్తానికి మూడు యంత్రాలు చాలు. ఒకటి ఇక్కడ బడి కంప్యూటరు గదిలో, ఒకటి విశాఖలో, ఒకటి హైదరాబాదులో. పాత కంప్యూటర్లే చాలు. డిస్కుల ఖర్చులో సగం మా బ్యాచి పెట్టుకుంటుంది. బడిలో ఉన్నదాన్ని చూసుకునే పని తొమ్మిదో తరగతి పిల్లలకు ఇవ్వండి, నేను వచ్చి నేర్పుతాను. కావాలంటే దాని మీద వాళ్లకో గేము కూడా పెడతాను. గేము పెడితే వాళ్లు దాన్ని మనకంటే జాగ్రత్తగా చూసుకుంటారని మా ఇంట్లో రుజువైంది.

అంతవరకు ఒక్క మాట. దాచమని ఏదీ ఒక్కడి చేతికే ఇవ్వకండి. ఆ ఒక్కడు "నేను ఇంజనీరుని, జాగ్రత్తగా ఉంచుతాను" అంటే, కాపీ ఇంకెక్కడుందో అప్పుడే అడగండి.

చివరగా, ఇక్కడున్న గురువులకు ఒక కోరిక. మధ్యాహ్నం భోజనాల తర్వాత మా బ్యాచి వాళ్లం ఆ మూల గదిలో కూర్చుంటాం. మా తెలుగు టీచరు గారు దయచేసి వచ్చి, ముప్ఫై రెండు నుంచి నలభై రెండు వరకు పేర్లు ఒకసారి పిలవాలి. కాగితం నేను తెచ్చాను. మాస్టారి గొంతు తిరిగి రాదు. కానీ ముప్ఫై ఎనిమిదో నంబరు వాడి తల్లి గారు ఆ రెండో వరసలో కూర్చున్నారు. ఈసారి మూడు ఫోన్లతో రికార్డు చేస్తాం, సాయంత్రానికల్లా మూడు ఊళ్లకు పంపుతాం.